వెచ్చటి నీళ్ల చేపలకు వింత ఫ్లైలు: ఫోమ్ కప్ప కొడుతున్నాయి కానీ పడట్లేదు

ఈకలడబ్బా:

ట్రౌట్ చేప కోసం కట్టే నలకంత ఫ్లైల (గాలానికి ఈకలు, దారం లాంటివి కట్టి చేసే ఉత్తుత్తి ఎరల) మీద నాకెప్పుడూ మోజు లేదు. నేను తిరిగేదంతా నిలవ నీళ్లే. తామరాకులు, నాచు, అడుగున బురద, అందులో బాస్, బ్లూగిల్, కార్ప్ లాంటి చేపలు. ఈమధ్య వైస్ (కట్టేటప్పుడు గాలాన్ని పట్టి ఉంచే బిగింపు) ముందు కూర్చుంటే అందరూ కట్టే ప్యాటర్న్‌లు కట్టబుద్ధి కావట్లేదు. పాత చెప్పుల ఫోమ్, నేల తుడిచే మాప్ పోగులు, పిల్లల బొమ్మలకుండే రబ్బరు వెంట్రుకలు, ఏది కనబడినా ఇది గాలం మీద ఎలా ఉంటుందా అనే ఆలోచనే. ఇంట్లోవాళ్లు మాప్ దాచేస్తున్నారు.

అసలు సంగతికొస్తా. ఆరు మిల్లీమీటర్ల ఫోమ్ రెండు పొరలు అతికించి ఒక కప్ప చేశాను, రెండో నంబరు గాలం మీద, వెనక పొడుగ్గా రబ్బరు కాళ్లు, పైన పచ్చ, కింద తెలుపు, కళ్లు కూడా పెట్టాను. చూడ్డానికి బాగుంది, ఫోటో పెడితే లైకులు కూడా వచ్చాయి. నీళ్ల దగ్గరకి తీసుకెళ్తే మాత్రం మూడు తలనొప్పులు. కాస్ట్ చేస్తుంటే (లైన్ విసురుతుంటే) గాల్లో గిర్రున తిరిగి లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య ఉండే సన్నటి దారం) అంతా మెలికలు పడుతోంది. సగం సార్లు వెల్లకిలా పడుతోంది. అన్నిటికన్నా బాధ ఏంటంటే, చేపలు కొడుతున్నాయి, బాగా చప్పుడు చేస్తూ కొడుతున్నాయి, రాడ్ ఎత్తితే ఏమీ ఉండట్లేదు.

లోపం గాలంలోనా, ఫోమ్‌లోనా, నా చేతిలోనా? ఇంకో ప్రశ్న కూడా. మీరు నిజంగా నీళ్లలో వేసి చేపలు పట్టిన వింత ప్యాటర్న్‌లు ఏవైనా ఉంటే చెప్పండి. అద్దాల పెట్టెలో పెట్టుకునేవి కాదు.

తూటికాడ:

మూడిట్లోనూ ఉంది బ్రదర్, కానీ ఎక్కువ పాపం ఫోమ్‌దే. మీ గాలం కొనకీ కాడకీ (తిన్నగా ఉండే భాగానికీ) మధ్య ఎంత ఖాళీ ఉందో ఒకసారి స్కేలు పెట్టి చూడండి. ఆరు మిల్లీమీటర్లవి రెండు పొరలంటే పన్నెండు. అందులో సగం కాడ కిందికి దిగినా ఆ ఖాళీ దాదాపు మూసుకుపోయినట్టే. చేప నోరు మూసినప్పుడు దాని పెదవికి తగిలేది ఫోమ్, గాలం కొన కాదు. ఫోమ్ అంతా కాడ పైనే ఉండాలి, కింద పొట్టభాగం బ్లేడుతో చదునుగా కోసెయ్యాలి. గాలం కూడా మామూలుది కాకుండా బాస్ బగ్గుల (బాస్ కోసం కట్టే తేలే ఫ్లైల) కోసం అమ్మే వెడల్పు గ్యాప్ (ఆ ఖాళీయే) ఉన్న స్టింగర్ రకం తీసుకోండి. కప్ప అందం కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. బాస్ కప్పని కొరకదు, పీలుస్తుంది. నోరు ఒక్కసారిగా తెరిస్తే లోపల పీడనం తగ్గి నీళ్లతోపాటు ఎదురుగా ఉన్నది లోపలికి పోతుంది. మీ కప్ప మొత్తం నీళ్ల పైనే తేలుతుంటే, పైగా లైన్ బిగుతుగా పట్టుకుని ఉంటే, నీళ్లు లోపలికి పోతాయి, కప్ప బయటే ఉంటుంది. ఆ చప్పుడంతా అదే. అందుకే ముందు భాగం తేలాలి, వెనక భాగం మునగాలి. వెనక కాళ్ల దగ్గర కొంచెం మెత్తటి మారబూ ఈకో, సన్నటి కుందేలు తోలు ముక్కో కడితే తడిసి కిందికి వేలాడుతుంది, గాలం వంపు కూడా నీళ్ల లోపలే ఉంటుంది. తోలు మరీ పొడుగు వద్దు, నీళ్లు పీల్చి బరువెక్కి కాస్టింగ్ నరకం అయిపోతుంది.

ఫోమ్ పల్చగా ఉన్నా పని జరుగుతుందనడానికి గర్గ్లర్ చాలు. బోస్టన్‌లో టాక్సీ నడిపిన జాక్ గార్ట్‌సైడ్ కట్టిన ఫ్లై అది. ఒక సన్నటి ఫోమ్ పట్టీని కాడ వెంట కట్టి, మళ్లీ ముందుకి మడిచి, గాలం కంటి (దారం కట్టే రంధ్రం) దగ్గర చిన్న పెదవిలా వదిలేస్తారు. అంతే. గ్యాప్ పూర్తిగా ఖాళీగా ఉంటుంది, లాగితే గుడగుడమంటుంది, కాస్ట్ చేస్తే దాని బరువే తెలియదు. దానికి నాలుగు కాళ్లు పెట్టి పచ్చ రంగు వేస్తే మీ కప్ప రెడీ. చేపకి కనబడేది కింది నుంచే కాబట్టి కళ్లు మీకోసమే పెట్టుకుంటున్నారని గుర్తుంచుకోండి.

గిర్రున తిరగడానికి కారణం కాళ్లు. రెండు వైపులా పొడవులో తేడా ఉన్నా, ఒక కాలు వంకరగా బిగుసుకున్నా గాలి దాన్ని పంకాలా తిప్పేస్తుంది. కాళ్లు కురచ చెయ్యండి, సమానంగా కత్తిరించండి. లీడర్ ఏడడుగులు దాటించొద్దు, చివర పన్నెండు పౌండ్ల బలానికి తక్కువ టిప్పెట్ (లీడర్ చివర ఫ్లైకి కట్టే ముక్క) వద్దు, సన్నటి టిప్పెట్‌కి ఇంత పెద్ద ఫ్లైని తిప్పి వేసే బలం ఉండదు. వెల్లకిలా పడటానికి మందు ఇంకా సులువు: గాలం వంపు మీద సన్నటి బరువు తీగ మూడు నాలుగు చుట్లు చుట్టండి, పడవ అడుగు దూలంలా పని చేస్తుంది. ఇంట్లో బకెట్‌లో నీళ్లు పోసి పైనుంచి నాలుగైదు సార్లు పడేసి చూడండి, ప్రతిసారీ కూర్చున్నట్టు పడాలి. బకెట్‌లో తిరగబడేది చెరువులో కూడా తిరగబడుతుంది.

ఇక మీ చెయ్యి. "రాడ్ ఎత్తితే" అని రాశారు చూడండి, అక్కడే పట్టుబడ్డారు. అది ట్రౌట్ అలవాటు. ఇక్కడ రాడ్ నీళ్లవైపే చూపిస్తూ ఉంచి, ఎడమ చేత్తో లైన్‌ని గట్టిగా వెనక్కి గుంజాలి. చప్పుడు వినగానే కాదు, బరువు తగిలాక. ముఖ్యంగా కొరమీనుకి. దాని నోరు గట్టి ఎముక, రాడ్ ఒంపుతో వచ్చే బలం అక్కడ చాలదు. నేను ఎక్కువగా దాని వెంటే పడతాను కాబట్టి ఒక మాట: నీళ్ల పైన ఎర్రగా, బంతిలా పిల్లల గుంపు కదులుతుంటే కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నాయని అర్థం. అక్కడ ఏ ఫ్లై వేసినా కొడతాయి. అది వేట కాదు, వాటిని తీసేస్తే ఆ గుంపు మొత్తం ఇతర చేపల పాలవుతుంది. వదిలెయ్యండి.

నల్లబగ్గర్:

నేను కొంచెం చేదుగా చెప్తాను, ఏమనుకోవద్దు. వింత ఫ్లైలు ఎక్కువగా పట్టేది మనుషుల్నే. నా పెట్టెలో ఉన్నవి మూడే రకాల ఫ్లైలు: నల్ల వూలీ బగ్గర్ పెద్దవి, చిన్నవి, ఒక క్లౌజర్, నీళ్ల పైన చప్పుడు చేసే పాపర్ ఒకటి, అంతే. అందరూ బగ్గర్‌ని ట్రౌట్ ఫ్లై అనుకుంటారు గానీ, పెన్సిల్వేనియాలో రసెల్ బ్లెస్సింగ్ 1967 ప్రాంతంలో దాన్ని కట్టింది డాబ్సన్ ఫ్లై పురుగు పిల్లలా కనబడాలని, అది స్మాల్‌మౌత్ బాస్ ఇష్టంగా తినే పురుగు. క్లౌజర్ కూడా అంతే, బాబ్ క్లౌజర్ 1987లో సస్క్వెహానా నదిలోని స్మాల్‌మౌత్ కోసం కట్టాడు. కళ్ల బరువు కాడ పైన కట్టడం వల్ల ఫ్లై తిరగబడి గాలం కొన పైకి ఉంటుంది, అడుగున చెత్తకి తగులుకోదు. ఆలోచన అంటే అది. మాప్ ముక్క కట్టడం ఆలోచన కాదు.

దంతాలమారి:

నల్లబగ్గర్ గారూ, గాలమే లేని ఫ్లైని ఏమంటారు మరి? మీ పెట్టెలో ఉన్నవన్నీ తీసుకెళ్లి గార్ చేప మీద వెయ్యండి, సాయంత్రం దాకా కొడుతుంది, ఒక్కటీ పట్టదు. దాని ముక్కు పొడుగాటి ఎముక, గాలం దిగడానికి మెత్తటి చోటు దాదాపు ఉండదు. ఉన్నదల్లా వరసగా సూదుల్లాంటి పళ్లు. అందుకే తాడు ఫ్లై.

కట్టడం అంటే పెద్దగా కట్టేదేం లేదు. తెల్లటి అల్లిన నైలాన్ తాడు ఆరంగుళాలు కోసి, ఒక చివర కొన తీసేసిన గాలం కాడకి గానీ చిన్న ఉంగరానికి గానీ దారంతో గట్టిగా బిగించి జిగురు వెయ్యాలి, మిగతాదంతా పోగులు విప్పి దువ్వెనతో పట్టులా అయ్యేదాకా దువ్వాలి. నైలానే కావాలి. పాలీప్రొపిలీన్ తాడు గరుకుగా ఉంటుంది, పైగా తేలుతుంది. పోగులు ఎంత సన్నగా విడితే పళ్లలో అంత బాగా చిక్కుకుంటాయి. కావాలంటే పైన కొంచెం మెరుపు పోగులు, మార్కర్‌తో వీపు మీద ఒక చార.

వెచ్చటి రోజుల్లో గార్లు గాలి పీల్చడానికి పైకొచ్చి దొర్లుతుంటాయి. వాటి గాలితిత్తి ఊపిరితిత్తిలా పని చేస్తుంది, అందుకే ప్రాణవాయువు అడుగంటిన నీళ్లలో కూడా హాయిగా ఉంటాయి. అలా పైకొచ్చిన దాని ముక్కు ముందు నుంచి అడ్డంగా పోయేలా ఫ్లై వేసి మెల్లగా లాగండి. తల పక్కకి విసిరి పట్టుకుంటుంది. అప్పుడు గుంజకూడదు! ఇదే కష్టం. తూటికాడ గారు చెప్పినదానికి పూర్తిగా తిరగేసి, లైన్ వదులుగా ఇచ్చి దాన్ని నమలనివ్వాలి, నమిలే కొద్దీ పోగులు పళ్లకి చుట్టుకుంటాయి. తర్వాత మెల్లగా బిగువు పెంచుకుంటూ పోవాలి.

ఇంకొక్క విషయం, ఇది సరదా కాదు. మందపాటి గ్లౌజులు, పొడుగు ముక్కు పట్టకార లేకుండా ఈ ఫ్లై జోలికి వెళ్లొద్దు. వదిలేముందు ఒక్క పోగు కూడా నోట్లో మిగలకూడదు. తాడు తెంపి వదిలేస్తే ఆ పోగులు రెండు దవడల్నీ కట్టేస్తాయి, ఆ చేప తినలేక ఆకలితో చస్తుంది. అందుకే లీడర్ తెగేంత సన్నగా పెట్టొద్దు. గాలం లేని ఫ్లై మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి. గుడ్లు మాత్రం ఎవరూ రుచి చూడొద్దు, గార్ గుడ్లు మనుషులకి విషం.

ఈకలడబ్బా:

తూటికాడ అన్నా, స్కేలు పెట్టి చూశా, మీరు చెప్పినట్టే ఫోమ్ కొనకి తగిలేంత దగ్గరలో ఉంది. ఈరోజే గర్గ్లర్ పట్టీలు కోస్తున్నా. ఒక సందేహం, ఫోమ్ కాడ చుట్టూ తిరిగిపోతోంది, ఎంత బిగించినా. ఇంకా బిగిస్తే దారం ఫోమ్‌ని కోసేస్తోంది.

దంతాలమారి గారూ, ఇక్కడ గార్లు లేవు కానీ ఆ తాడు సంగతి చదివి నిద్ర పట్టలేదు. కార్ప్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? బ్రెడ్డు ముక్క తింటాయి, నా ఫ్లై చూస్తే పక్కకెళ్లిపోతాయి.

మల్బరీకింద:

కార్ప్ నా సబ్జెక్ట్. ముందు ఫోమ్ సంగతి: జెల్ స్పన్ దారం (చాలా సన్నటి, గట్టి దారం) వాడుతున్నట్టున్నారు, అది కోసేస్తుంది. అది జింక వెంట్రుకలు బిగించి విచ్చుకునేలా చెయ్యడానికి బ్రహ్మాండం, ఫోమ్‌కి కాదు. 140 డీనియర్ (దారం లావు కొలత) చదును దారం తీసుకుని, ముందు కాడంతా గరుకుగా అటూ ఇటూ చుట్టి, దాని మీద సూపర్ గ్లూ చుక్క వేసి, అది ఆరకముందే ఫోమ్ పెట్టి మెత్తగా రెండు చుట్లు, తర్వాతే బిగువు. నున్నటి కాడ మీద నేరుగా కడితే ఎవరి ఫోమైనా తిరుగుతుంది.

ఇప్పుడు కార్ప్. పై నుంచి ఏదో రాలిపడే చోట నిలబడటం దానికి బాగా తెలుసు. మల్బరీ పళ్లు పండి నీళ్లలోకి రాలే రోజుల్లో చెట్టు కింద గుంపుగా చేరతాయి, గడ్డిచేపలు (గ్రాస్ కార్ప్) కూడా వస్తాయి. అప్పుడు నీటి పురుగు పిల్లల్లా కట్టే మీ అందమైన నింఫ్‌లు ఎవరికీ అక్కర్లేదు. ఎనిమిదో నంబరు పొట్టి గాలం మీద ముదురు ఊదా చెనీల్ (మెత్తటి నూగు దారం) గుండ్రంగా చుట్టండి, తొడిమకి పచ్చ దారం చిన్న ముక్క, అయిపోయింది. నిజం పండు ఎంత మెల్లగా మునుగుతుందో అంతే మెల్లగా మునగాలి, బరువు పూస పెట్టొద్దు. జింక వెంట్రుకలతో కట్టి గుండ్రంగా కత్తిరించినది ఇంకా అందంగా ఉంటుంది కానీ ఆ వెంట్రుకల లోపల గాలి గదులుంటాయి కాబట్టి బాగా తడిసేదాకా తేలుతూనే ఉంటుంది. తేలే పళ్లు తింటున్న రోజున అదే సరైనది, అందుకే రెండూ ఉంచుకుంటాను.

వేసేటప్పుడు ట్రౌట్ వాళ్ల నాజూకుతనం పక్కన పెట్టండి. టపక్‌మని పడాలి. కార్ప్ జాతికి గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, చప్పుడు వాటికి మహా బాగా వినబడుతుంది. పండు పడ్డ చప్పుడుకే తిరుగుతాయి. అదే చెవులతో గట్టు మీద మీ అడుగులు కూడా వింటాయి, మీ ఫ్లై చూసి పక్కకెళ్లిపోతున్నాయనుకుంటున్నారు గానీ, చాలాసార్లు అవి వెళ్లేది మీ కాళ్ల చప్పుడుకే. ఒక చోట కూర్చోండి, నడవకండి.

బ్రెడ్డు తింటున్నాయంటే సగం పని అయిపోయినట్టే కదా. తెల్లటి జింక వెంట్రుకలు కుచ్చుగా కట్టి పలకలా కత్తిరించండి. కాటన్‌వుడ్ చెట్ల దూది నీళ్ల మీద తెట్టులా తేలే రోజులుంటే పన్నెండో నంబరు గాలం మీద తెల్ల మారబూ చిటికెడు చాలు, అది తేలడానికి ఫ్లోటెంట్ (తడవకుండా ఉంచే మందు) పూయాలి. ఇక్కడ తొందర పడకూడదు. కార్ప్ పెదవులు దూది గుంపులో మెల్లగా తెరుచుకుని, ఏది మీ ఫ్లై ఏది దూది అని మీకే తెలియని స్థితి వస్తుంది. లైన్‌ని చూడొద్దు, చేప తలని చూడండి. మునిగే ఫ్లైకి మాత్రం రెండోసారి ఆలోచించే టైమ్ ఉండదు. కార్ప్ పెదవులకీ మీసాలకీ రుచి తెలుస్తుంది, తినేది కాదని తెలిసిన క్షణంలో ఉమ్మేస్తుంది. తల వంగి, నోరు తెల్లగా మెరిసిందా, వెంటనే లైన్ బిగించాలి, అదీ మెత్తగా. పెదవి మెత్తనిది, తూటికాడ గారి కొరమీను దెబ్బ ఇక్కడ కొడితే చిరిగిపోతుంది.

గడ్డిచేపలు మల్బరీ లేని రోజుల్లో పచ్చటి నూలు పోగులు విప్పి కట్టిన నాచు ఫ్లైని తీసుకుంటాయి, కానీ అవి పిరికివి. ఒకటి బెదిరితే ఆ చోటు ఆరోజుకి అయిపోయినట్టే.

నల్లబగ్గర్:

తాడు ఫ్లైకి నేను ఒప్పుకుంటున్నా, అందులో చేప నోటి గురించి ఆలోచన ఉంది. మల్బరీకి కూడా. మాప్‌కి మాత్రం ఒప్పుకోను.

ఈదురుగాలి:

మాప్‌ని ఎవరో ఒకరు కాపాడాలి కదా, నేనొచ్చా. మైక్రోఫైబర్ మాప్‌లో వేలిలా ఉండే పోగు ఒక్కటి కోసి పదో నంబరు గాలానికి కట్టి, ముందు బరువు పూస పెడితే లావుపాటి పురుగు పిల్ల అడుగున పాకినట్టే ఉంటుంది. బ్లూగిల్, చిన్న బాస్, క్యాట్‌ఫిష్ అన్నీ తీసుకుంటాయి. చూడ్డానికి దరిద్రంగా ఉంటుందని నేనూ ఒప్పుకుంటా. పొడుగు ఎక్కువైతే మాత్రం వంపుకి చుట్టుకుంటుంది, బ్లూగిల్ నోరు చిన్నది కాబట్టి తోక పట్టుకుని లాగి వదిలేస్తుంది. గాలం వంపు దాటి అర అంగుళానికి మించొద్దు.

ఈకలడబ్బా గారు చెప్పిన రబ్బరు వెంట్రుకల గురించి జాగ్రత్త. సాగే బొమ్మల రబ్బరుతో వానపాము ఫ్లై చాలా బాగా వస్తుంది, నీళ్లలో దానంతట అదే వణుకుతుంది. కానీ సన్నటి దారం దాన్ని తెంపేస్తుంది, సూపర్ గ్లూ తగిలిన చోట పెళుసెక్కి ఊడిపోతుంది. చదును దారంతో వెడల్పుగా, వదులుగా చుట్టి, చుట్ల మధ్య ఉన్ని డబ్బింగ్ (విడదీసిన పోగులు) నింపండి, పట్టు దాని వల్ల వస్తుంది. ఇతర ప్లాస్టిక్ ఫ్లైల పక్కన ఒకే అరలో పెట్టొద్దు, ఎండకి కారులో ఉంటే కరిగి అన్నీ ముద్దవుతాయి.

రంగుల సంగతి కూడా. బురద నీళ్లలో పచ్చ, తెలుపు అని తెగ ఆలోచించకండి. నల్లది, ముదురు ఊదా, ఇవే. అక్కడ చేపకి రంగు కన్నా నీడే కనబడుతుంది, దానికన్నా ముందు ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖకి నీళ్ల కదలిక తెలుస్తుంది. అందుకే రాత్రిపూట లావుపాటి తల ఉన్న ఫ్లై పని చేస్తుంది, నీళ్లని నెడుతుంది.

ఇంకోటి, ఎండాకాలం మధ్యాహ్నాల్లో పట్టేవాళ్లకి. పది డిగ్రీల నీళ్లలో లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, ముప్ఫై డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. వదిలేద్దామనుకున్న బాస్‌ని సన్నటి టిప్పెట్ మీద చాలాసేపు ఆడించొద్దు. గట్టి లీడర్, బార్బ్ (కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు) నొక్కేసిన గాలం, చేప నీళ్లలో ఉండగానే తీసెయ్యడం.

తూటికాడ:

బార్బ్ మాట ఎత్తారు కాబట్టి: ఫోమ్ కట్టకముందే నొక్కండి, కట్టాక నొక్కితే ఒక్కోసారి గాలం కొనే విరుగుతుంది, అప్పుడు కట్టిన కష్టమంతా వృథా. ఈకలడబ్బా గారూ, గర్గ్లర్ పెదవి మరీ పొడుగు వదలొద్దు, గాలం కంటికి ముందు ఒక పావు అంగుళం చాలు, ఎక్కువైతే లైన్ ఎత్తేటప్పుడు నీళ్లలోకి దూరిపోతుంది. కట్టాక ఫోటో కింది వైపు నుంచి తీసి పెట్టండి, గ్యాప్ చూసి చెప్తాం.